దాణాలోని మందు, కడుపులోని క్రిమి

మన సంఘసభ్యులలో పొలము పనితోపాటు కోళ్లను పెంచువారు పలువురు కలరు. కంపెనీవారి పిల్లలను తెచ్చి షెడ్డులో పెంచి బరువునుబట్టి కూలి పుచ్చుకొను బ్రాయిలరు రైతులు కొందరు. గ్రుడ్లకోళ్లను పెట్టుకొని, మొక్కజొన్నలు, నూకలు, తవుడు, సోయాచెక్క కొని దాణాను తామే కలుపుకొనువారు మరికొందరు. ఈ యిరుతెగలవారిని ఉద్దేశించి మేమీ నెల ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. విషయము కోడి ప్రేవులలో కాపురముండు, కంటికి కానరాని జీవులకు సంబంధించినది. ఇట్టి సంగతులు శాస్త్రజ్ఞులకే గాని మనకేల యని కొందరు తలపవచ్చును. ఆ జీవులు కోడి ప్రేవులతో ఆగక మన పెరటిలోనికిని, మన వంటింటిలోనికిని, తుదకు మన బిడ్డల కడుపులలోనికిని వచ్చుచున్నవి గనుక ఇది మనకు కావలసిన విషయమే.

మా యభిప్రాయమును దాచక ముందుగనే చెప్పుచున్నాము. జబ్బులేని కోళ్లకు, కేవలము త్వరగా బరువెక్కుటకై, దాణాలో యాంటీబయాటిక్ మందులు కలుపుటను మన సంఘము పూర్తిగా విడనాడవలెను. జబ్బుచేసిన కోడికి వైద్యము చేయవద్దని మేము చెప్పుట లేదు. మందు మందుగానే వాడబడవలెను, దాణాగా వాడబడరాదు. ఏల యిట్లు చెప్పుచున్నామో వివరింపవలసియున్నది.

గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిరైతులకు 1987, 88 సంవత్సరములు బాగుగా జ్ఞాపకముండును. అంతకు కొలది యేండ్ల క్రిందట క్రొత్తగా వచ్చిన పైరిత్రాయిడు మందులు మొదట చల్లిన దినములలో శనగపచ్చ పురుగు చెట్టుమీదనుండి రాలిపడుచుండెను. పిమ్మట మోతాదు పెంచిరి. రెండు మందులు కలిపి కొట్టిరి. వారమునకు రెండుసార్లు కొట్టిరి. పురుగు చావలేదు. చేను పోయినది, అప్పు మిగిలినది. ఆ రెండేండ్లలో పురుగు మందునకు అలవాటుపడినదని మన వాడుక. నిజమునకు ఏ పురుగును అలవాటుపడలేదు. వేలలో నొకటి రెండు పురుగులు పుట్టుకతోనే మందును తట్టుకొనగలవిగా నుండెను. మందు తక్కిన వానిని చంపి, వీనికి చేనంతయు ఖాళీచేసి యిచ్చినది. వాని సంతతియే మరుసటి యేడు చేనిని నింపినది. ఇంతకు మించిన రహస్యము లేదు. కడుపులోని క్రిములయందును ఇదియే జరుగుచున్నది. భేద మొక్కటే: పురుగునకు ఒక తరము గడచుటకు నెల దినములు పట్టును, ప్రేవులలోని క్రిమికి గంట, రెండు గంటలు చాలును.

ఈ వేగమెంతటిదో లెక్కవేసి చూచుట మంచిది. మనుష్యుని దేహములో నివసించు బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని శాస్త్రజ్ఞుల అంచనా. మన దేహమును నిర్మించిన కణముల సంఖ్య కూడ ఇంచుమించుగా అంతే. వీనిలో అత్యధికభాగము పెద్దప్రేవులోనే యున్నవి. కోడికిని, ఎద్దునకును, ఎలుకకును ఎవరి జనాభా వారికి కలదు. ఆ జనాభాలో ఈ. కోలై యను నొకటి సంఖ్యలో చిన్నదైనను పరీక్షలకు సులభముగా లొంగునది. కావున దానిని గురించియే ఎక్కువ తెలిసినది. ఎలుక ప్రేవులలో నది దినమునకు సుమారు 18 తరములు దాటుచున్నది. ఒక్కొక్కటి చీలి రెండగునప్పుడు, తన వంశలిపి నంతయు నకలు వ్రాసికొనవలెను. ఆ లిపిలో 46 లక్షల అక్షరములు గలవు. ఇట్లు వేయి నకళ్లు వ్రాసినప్పుడు ఏ యొక్కదానిలోనో ఒక్క యక్షరము తప్పును. పూర్వపు కరణములలో మిక్కిలి నిష్ఠగలవారైనను అడంగలును ఇంత శుద్ధముగా నకలు తీసి యుండరు.

అయినను జనసంఖ్య అధికమగుటచే తప్పులును అధికములే. ఒక కోడి ప్రేవులలో ఈ జీవులు పది కోట్లున్నవనుకొందము. అవి యన్నియు ఒక్కసారి చీలునప్పటికి లక్ష తప్పులు పుట్టును. అందు చాల భాగము ఉపయోగము లేనివి. కొన్ని ఆ జీవికే హానికరములు. ఏ యొకటి రెండో ఆ సమయమునకు, ఆ చోటునకు అక్కరకు వచ్చునవి. ఆ యొకటి రెండే కొలది దినములలో వెనుకటివానిని త్రోసి రాజగును.

ఇది యూహ కాదు. పోర్చుగల్ దేశమున లిస్బను నగర సమీపములోని గుల్బెంకియన్ విజ్ఞానసంస్థలో ఇసబెల్ గోర్డో అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహాధ్యాయులును ఎలుకల ప్రేవులలో ఈ. కోలైని ప్రవేశపెట్టి, దినదినము పెంటిక లెత్తి పరీక్షించిరి. వారు 2014లో ప్రకటించిన ఫలితము విచిత్రముగా నున్నది. గాలక్టిటాల్ అను నొక చక్కెరవంటి పదార్థమును వాడుకొను శక్తిని పోగొట్టుకొన్న క్రిములు కొలది దినములలోనే తలయెత్తినవి. ఒక్క యెలుకలో గాదు, పరీక్షించిన యెలుకలన్నిటిలోను. ఒకే తప్పుచేత గాదు, వేరువేరు తప్పులచేత. కొత్తది సంపాదించుటయే గాక, ఉన్నది విడుచుట కూడ ఒకప్పుడు లాభమే యని దీనివలన తెలియుచున్నది. పండని చెలకకు ఎరువు తోలుట మానిన రైతువలె ఆ క్రిమి అక్కరలేని ఖర్చును మానుకొన్నది.

మనుష్యులయందును ఇట్లే కానవచ్చినది. అమెరికాలో పండ్రెండుగురు ఆరోగ్యవంతుల ప్రేవులనుండి బాక్టీరాయిడీస్ జాతి క్రిములను వందలకొలది వేరుచేసి వాని వంశలిపులను చదివిన పరిశోధకులు, ఏ మందును పుచ్చుకొనని వారిలో సైతము ఈ మార్పు ఎడతెగక నడచుచున్నదని 2019లో తెలిపిరి. జపాను దేశస్థుల సంగతి మరియు చమత్కారము. వారు తరతరములుగా సముద్రపు నాచును అన్నముతో భుజింతురు. ఆ నాచును కరగించు శక్తి సముద్రములోని ఒక బాక్టీరియాకు కలదు. ఆ శక్తినిచ్చు జన్యువే, సముద్రము విడిచి, జపానీయుల ప్రేవులలోని వేరొక జాతి క్రిమిలోనికి చేరియున్నదని 2010లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. తిండినిబట్టి కడుపులోని క్రిమి మారును. మన దాణాలో ఏమి వేయుచున్నామో ఆలోచించుటకు ఈ యొక్క మాట చాలును.

ఈ క్రిములన్నియు శత్రువులని మాత్రము తలపరాదు. ఇవి లేనిదే ఎద్దు గడ్డిని జీర్ణించుకొనజాలదు. సుబాబుల్ ఆకు సంగతి చూడుడు. మన జిల్లాలలో కాగితపు మిల్లులకై ఈ చెట్టును విరివిగా పెంచుచున్నారు. దాని ఆకులో మైమోసిన్ అను విషపదార్థము కలదు. అలవాటులేని పశువు దానిని అధికముగా మేసినచో వెండ్రుకలు రాలును, గొంతువాపు వచ్చును. ఆస్ట్రేలియాలో పశువులకు ఇట్టి జబ్బు చేయుచుండగా, హవాయి దీవులలో మేకలు అదే ఆకును మేసి సుఖముగా నుండెను. రేమండ్ జోన్సు అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు హవాయి మేకల కడుపులోని క్రిములను తెప్పించి తన దేశపు పశువుల కడుపులో వేయగా, ఆ విషము వానికిని అంటకపోయెను. 1992లో ఆ క్రిమికి ఆయన పేరే పెట్టిరి. ఒక పశువు కడుపులోని క్రిమి ఇంకొక పశువునకు రక్షణయైనది. అయితే మంచి క్రిమి ప్రయాణము చేసిన త్రోవలోనే చెడ్డ క్రిమియు ప్రయాణము చేయును.

ఈ ప్రయాణమునందు మనము మిక్కిలి భయపడవలసిన దొకటి కలదు. పురుగునకు తట్టుకొను శక్తి తల్లిదండ్రులనుండి మాత్రమే వచ్చును. క్రిమికి అట్లు గాదు. అది ప్రక్కనున్న పరజాతి క్రిమినుండి కూడ ఆ శక్తిని చేబదులు తీసికొనగలదు. రెండు క్రిములు అంటుకొనిన క్షణములలో, చిన్న కంకణమువంటి వంశలిపి ముక్క యొకటి దీనినుండి దానికి పోవును. యుద్ధానంతరము జపానులో రక్తగ్రహణి వ్యాధి ప్రబలినప్పుడు, ఆ వ్యాధిక్రిములు ఒకటి గాదు, నాలుగు మందులకు ఒక్కపెట్టున లొంగకపోవుట 1955లో కనబడెను. ఒక్కొక్క తప్పుచేత నాలుగు శక్తులు ఇంత శీఘ్రముగా చేకూరుట అసంభవమని వైద్యులు విస్మయము చెందిరి. రోగి ప్రేవులలో నిరపాయముగా నుండు ఈ. కోలైయే ఆ శక్తులన్నిటిని ఒక మూటగా కట్టి వ్యాధిక్రిమికి అందించుచున్నదని 1959లో తేలెను. కనుక, ఈ క్రిమి హాని చేయదు గదా, ఇది మందునకు లొంగకున్న నేమి యనుటకు వీలులేదు. అది మూట మోయునది. ఎప్పుడు ఎవరి కిచ్చునో మనచేతిలో లేదు.

ఇక దాణాలోనికి మందు ఎట్లు వచ్చినదో చెప్పెదము. ఈ కథలో మన తెలుగువారొకరు గలరు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునకు అధ్యక్షులుగా నుండిన కాలమున, అచటనే బెంజమిన్ డుగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు ఊరూరినుండి మట్టి తెప్పించి పరీక్షించుచుండెను. మిస్సౌరి విశ్వవిద్యాలయపు సేద్యక్షేత్రములోని ఒక పచ్చిగడ్డి మడినుండి వచ్చిన మట్టిలో పసుపువన్నె జీవి యొకటి దొరకెను. దానినుండి తీసిన మందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబములో మొదటిది. 1948లో అది లోకమునకు ప్రకటింపబడెను. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావుగారు పరమపదించిరి. లక్షలమంది ప్రాణములను నిలిపిన మందు అది. దానివలన మనకు కలిగిన గర్వము న్యాయమైనదే.

అదే పరిశోధనాలయములో టామస్ జూక్సు, రాబర్టు స్టోక్‌స్టాడ్ అనువారు కోడిపిల్లలకు చవుకయైన పోషకాహారము వెదకుచు, ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని మేపి చూచిరి. పిల్లలు అనుకొన్నదానికంటె ఎక్కువగా ఎదిగెను. ఆ పిప్పిలో మిగిలియున్న మందే దీనికి కారణమని 1950 నాటికి బయటపడెను. 1951లో అమెరికా ప్రభుత్వము వైద్యుని చీటి యక్కరలేకయే దాణాలో ఇట్టి మందులు కలుపుట కనుమతించినది. మందు ఎట్లు బరువు పెంచునో నాడెవ్వరికిని తెలియదు. తరువాత, క్రిములే లేకుండ గాజుగదులలో పెంచిన పిల్లలకు పెన్సిలిన్ పెట్టి చూడగా వాని యెదుగుదలలో మార్పు కానరాలేదు. అనగా మందు కోడిని పెంచుట లేదు; దాని ప్రేవులలోని క్రిములను మార్చుటచేతనే ఆ ఫలము కలుగుచున్నది. బరువు పెరుగుటయు, మందునకు లొంగని క్రిమి పెరుగుటయు ఒక్క చెట్టునకు కాచిన రెండు కాయలు. ఒకటి కోసికొని రెండవదానిని విడుచుట కాదు.

ఆ రెండవ కాయ ఎంత త్వరగా పండునో చూపినవాడు అమెరికా వైద్యుడు స్టూవర్టు లెవీ. ఆయన ప్రయోగము 1976లో ప్రకటితమైనది. దానిని మన రైతులు శ్రద్ధగా వినవలెనని కోరుచున్నాము. ఏలయన అది జరిగినది ప్రయోగశాలలో గాదు, మనవంటి యొక కుటుంబమువారి కోళ్లదొడ్డిలో. సుమారు మూడు వందల కోడిపిల్లలను తెచ్చి రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపునకు మందు కలిపిన దాణాను, రెండవ గుంపునకు మందులేని దాణాను పెట్టిరి. వారము తిరుగకముందే మందు తిన్న పిల్లల ప్రేవులలోని క్రిములు దాదాపు అన్నియు టెట్రాసైక్లిన్‌కు లొంగనివాయెను. మరికొన్ని వారములకు, దాణాలో వేయని ఇతర మందులకు కూడ లొంగనివి వచ్చెను. పైన చెప్పిన మూట యిదియే.

అంతతో ఆగలేదు. అయిదారు నెలలు గడచునప్పటికి ఆ దొడ్డివారి యింటిలోని మనుష్యుల మలమును వారము వారము పరీక్షింపగా, నూటికి 31 పరీక్షలలో క్రిములలో అయిదింట నాలుగు వంతులకు మించి లొంగనివే యుండెను. అదే కాలమున ఇరుగుపొరుగువారి పరీక్షలలో నూటికి 7 మాత్రమే అట్లుండెను. కోళ్లను ముట్టుట, పెంట యెత్తుట, ఆ చేతులతో నీళ్లు త్రాగుట, ఆ ధూళి పీల్చుట, ఇంతమాత్రము చాలినది. ఆ కోళ్లను తీసివేసిన యారునెలలకు ఇంటివారిలో అధికులయందు ఆ క్రిములు కనబడకపోయెను. ఈ కడపటి మాటను మరువరాదు. మన్నించుటకు ప్రకృతి సిద్ధముగనే యున్నది, మనము మానినచో.

మన షెడ్లకును ఆ దొడ్డికిని భేదమేమైన నున్నచో అది మనకే ప్రతికూలమైన భేదము. ఆంధ్రప్రదేశము, తెలంగాణములు గ్రుడ్ల ఉత్పత్తిలో దేశమునకే ముందువరుసలో నున్నవి. ఒక్కొక్క షెడ్డులో వేలకొలది కోళ్లు. పెంటను ఎత్తి మన పొలములకును, కొల్లేటి ప్రాంతమున చేపల చెరువులకును తోలుచున్నాము. షెడ్డులో పుట్టిన క్రిమి వరిచేనిలోనికి, చెరువులోనికి, నాటుకోడిలోనికి, గేదె కాలిడిన బురదలోనికి పోవుటకు మనమే బండి కట్టి పంపుచున్నట్లున్నది.

కోళ్లకు వేయు మందు వేరు, మనుష్యులకు వేయు మందు వేరు గదా యని కొందరు వాదింతురు. పేర్లు వేరైనను కుటుంబము లొకటే. ఐరోపాలో అవోపార్సిన్ అను మందును కేవలము దాణాకొరకే వాడుచుండిరి; మనుష్యులకది ఎన్నడును ఇచ్చియుండలేదు. కాని, ఆసుపత్రులలో కడసారి ఆశగా వాడు వాంకోమైసిన్ దాని సోదరి. అవోపార్సిన్‌కు లొంగని క్రిమి వాంకోమైసిన్‌కును లొంగదని తేలిన పిమ్మట 1995లో డెన్మార్కు దేశము దానిని నిషేధించినది.

డెన్మార్కు మాట వచ్చినది గనుక కొంచెము నిలిచి చెప్పుట యుక్తము. సహకారోద్యమమునకు అది పుట్టినిల్లువంటి దేశము. 1882లో హ్యెడ్డింగు గ్రామ రైతులు తమ పాలకు తామే సంఘముగా కూడి వెన్నశాల పెట్టిరి; 1887లో హోర్సెన్సులో పందులను పెంచువారు తమ మాంసశాలను తామే స్థాపించిరి. ఆ సంప్రదాయము గల రైతులు ఈ విషయమున ఏమి చేసిరనగా, 1998లో అచటి బ్రాయిలరు పెంపకమువారు బరువు పెంచు మందులన్నిటిని చట్టము కోరకమునుపే స్వచ్ఛందముగా మానివేసిరి. ఫలితమును అంకెలతో వ్రాసిపెట్టిరి. కోళ్లలో వాంకోమైసిన్‌కు లొంగని క్రిములు 1995లో నూటికి 73 పాళ్లుండగా, 2000 సంవత్సరమునకు 6 పాళ్లకు దిగెను. కోళ్ల చావులు హెచ్చలేదు. కిలో బరువునకు ఖర్చగు దాణా మాత్రము 16 గ్రాములు పెరిగెను. పదహారు గ్రాములు! దీనికొరకా మనము బిడ్డల మందులను పణముగా పెట్టుచున్నది?

అంతయు సాఫీగా జరిగెనని చెప్పుట సత్యము గాదు. పందులయందు అవోపార్సిన్ మానినను లొంగని క్రిములు తగ్గలేదు. కారణమేమని వెదకగా, ఆ శక్తియు, టైలోసిన్ అను వేరొక మందును తట్టుకొను శక్తియు ఒకే మూటలో కట్టబడియున్నట్లు తేలెను. టైలోసిన్ వాడుచున్నంత కాలము దానితోపాటు రెండవదియు నిలిచియుండెను. టైలోసిన్ మానినపిమ్మటనే తగ్గెను. ఒక మందును మాని వేరొకదానిని పట్టుకొని, మేము మానితిమని చెప్పుకొనువారికి ఇది జవాబు. మరియు, పాలు విడిచిన పందిపిల్లలకు విరేచనములు కొంతకాలము హెచ్చినవి. వైద్యమునకై వాడు మందు కొంత పెరిగినది. శుభ్రత, గాలి, తల్లినుండి విడదీయు వయస్సు, వీనిని చక్కబెట్టుకొని వారు నిలద్రొక్కుకొనిరి. దాణాలోని మందు మురికిని కప్పిపుచ్చుచుండెనని వారికి అప్పుడు బోధపడినది. మన షెడ్లలోను తడిసిన పొట్టు, ఇరుకు, వేసవి వేడిమి, మురుగు నీరు ఇవి యెంతవరకు మందుచాటున దాగియున్నవో ఎవరికి వారు చూచుకొనవలెను.

మన దేశమున కొలిస్టిన్ కథ యీ మధ్య నడచినది. ఇతర మందులన్నియు విఫలమైనప్పుడు ప్రాణాపాయములో నున్న రోగికి వైద్యులిచ్చు కడపటి మందులలో నది యొకటి. అదే మందు దాణా సంచులలో పొడిగా కలుపబడి షెడ్లకు వచ్చుచుండెను. 2015 నవంబరులో చీనా శాస్త్రజ్ఞులు, కొలిస్టిన్‌ను తట్టుకొను శక్తి మూటగట్టబడి ఒక క్రిమినుండి వేరొకదానికి పోగలదని, అట్టిది పందులలోను, అమ్మకపు మాంసములోను, రోగులలోను ఉన్నదని ప్రకటించిరి. చీనాలో 2017లో దానిని దాణాలో వేయుట మాన్పించిరి. పిమ్మట రెండేండ్లకే పందులలోను, కోళ్లలోను ఆ క్రిములు బహుగా తగ్గినట్లు అచటి లెక్కలు చూపుచున్నవి. మన ప్రభుత్వము 2019 జూలైలో ఆహారమునకై పెంచు పశుపక్ష్యాదులకు కొలిస్టిన్ తయారీని, అమ్మకమును, వాడకమును నిషేధించినది. ఐరోపా సమాఖ్యలో 2006నుండి బరువు పెంచుటకై యే యాంటీబయాటిక్కును దాణాలో వేయరాదు. ఇదియంతయు 1969లోనే బ్రిటిషు ప్రభుత్వము నియమించిన స్వాన్ సంఘము చెప్పినదే. వినుటకు మాత్రము లోకమునకు ముప్పది నలుబది యేండ్లు పట్టినది.

చట్టము వచ్చినది గదా, ఇక సంఘమునకు పనియేమి యందురేమో. ఒక మందును నిషేధించిన, వేరొక పేరు గల డబ్బా అంగడిలోనికి వచ్చును. దానిమీద చిన్న అక్షరములలో ఆంగ్లమున నున్నదానిని చదువువారెవ్వరు? బ్రాయిలరు రైతు సంగతి మరియు దయనీయము. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందు కంపెనీది. షెడ్డు, కరెంటు, రాత్రి కాపలా మాత్రము రైతువి. సంచిలో ఏమున్నదని యడుగు ధైర్యము ఒంటరి రైతునకు లేదు. అడిగినచో మరుసటి విడత పిల్లలు రావేమోనని భయము. ఆ భయము నిరాధారమని మేమనజాలము. ఒంటరిగా అడుగలేని మాటను కూడి యడుగుటకే గదా సంఘమున్నది. ఒక్కనికి పిల్లలను ఆపగల కంపెనీ నూరుమందికి ఒక్కసారి ఆపలేదు.

దాణాను స్వయముగా కలుపుకొను గ్రుడ్లకోళ్ల రైతులకు అట్టి సంకటము లేదు. వారి విషయమున మేము కొంచెము కఠినముగనే చెప్పుదుము. ప్రక్క షెడ్డువాడు వేసినాడని, దుకాణమువాడు చెప్పినాడని మందు పొడిని చేటతో కొలిచి కలుపుట వ్యవసాయము గాదు. మందు అమ్మువాడే మోతాదు చెప్పువాడైనచో అతని మాటలో అతని లాభము కలసియుండును. డెన్మార్కులో 1995లో పశువైద్యులు మందులమ్మి గడించు లాభమునకు సైతము హద్దు విధించిరన్న సంగతి ఇచట స్మరింపదగినది. పురుగుమందుల విషయమున దుకాణపు సలహా మనకెంత ఖరీదైనదో ప్రత్తి పండించినవారిని అడిగిన చెప్పుదురు.

మందు మానినచో నష్టపోవుదుమేమో యను సందేహమునకు డెన్మార్కు పదహారు గ్రాములు ఒక జవాబు. కాని అచటి షెడ్లు చల్లని దేశపు షెడ్లు, శుభ్రమైనవి. ఇచట వైశాఖమాసపు ఎండలో లెక్క కొంత మారవచ్చును. కావున ఎవరి మాటయో నమ్మి మానుడని మేము చెప్పుట లేదు. మన సభ్యులలో ఇష్టపడిన కొందరు ఒక విడత పిల్లలను రెండు భాగములు చేసి, ఒకదానికి మందుతోను, ఒకదానికి మందులేకయు మేపి, దాణా తూకము, కోడి తూకము, చావులు పుస్తకములో వ్రాయవలెను. దాణా ఖర్చులో భేదము ఒక విడతకు ఎన్ని రూపాయలో లెక్కతేలినపిమ్మట, ఆ భేదమును సంఘము తన దాణా ధరలో కొంత భరించుట సాధ్యమా యని కార్యవర్గము చర్చింపవచ్చును.

అంతవరకు ఇంటిలో చేయదగిన పనులు కొన్ని గలవు. షెడ్డులో తొడుగు చెప్పులు షెడ్డు బయటనే విడువవలెను. పెంట యెత్తిన చేతులను సబ్బుతో కడుగక బిడ్డను ఎత్తుకొనరాదు. పెంటను తెచ్చినది తెచ్చినట్లుగా చేనిలో చల్లక, కుప్పవేసి, తడిపి, కప్పి, లోన వేడి పుట్టి చల్లారువరకు మాగనీయవలెను. ఆ వేడికి క్రిములలో చాల భాగము నశించును, ఎరువు కూడ మేలగును. పశువైద్యుడు వ్రాసిన మందును ఆయన చెప్పినన్ని దినములు వాడి, ఆపిన తరువాత ఆయన చెప్పిన గడువు తీరువరకు గ్రుడ్లను, కోళ్లను అమ్మరాదు. మన యింటిలో జ్వరము వచ్చినప్పుడు సైతము కోళ్ల అలమారలోని మాత్రను మ్రింగు అలవాటు కొన్నిచోట్ల కలదని వినుచున్నాము. అది మానవలెను.

రాబోవు మహాజనసభలో ఈ క్రింది తీర్మానము ప్రవేశపెట్టుటకు సభ్యులలో నెవరైనను ముందుకు రావలెనని మా కోరిక. సంఘపు గిడ్డంగినుండి అమ్మబడు ప్రతి దాణా సంచిమీదను అందలి ద్రవ్యములన్నియు తెలుగులో, పెద్ద అక్షరములలో అచ్చువేయబడవలెను. బరువు పెంచుటకై యే యాంటీబయాటిక్కును అందు కలుపరాదు. జబ్బునకు మందు కావలసినవారు పశువైద్యుని చీటిని చూపి పుచ్చుకొనవలెను. ఆ చీటీల పుస్తకము ప్రతి సభ్యుడును చూచుటకు వీలుగా గిడ్డంగిలోనే యుండవలెను. బ్రాయిలరు కంపెనీలతో ఒప్పందములున్న సభ్యుల పక్షమున, వారి దాణాలోని మందుల పట్టికను సంఘాధ్యక్షుని సంతకముతో వ్రాతమూలకముగా కోరవలెను. ఈ నాలుగు మాటలలో ఏదైన సవరణ కావలసినవారు మహాజనసభకు పదునైదు దినములు ముందుగా కార్యదర్శిగారికి వ్రాసి పంపవచ్చును.